ఇంట్లో అనని మాట

"బోరు నీళ్లిస్తే ఏటయిపోద్ది? మనం తాగట్లేదేటి?" అంది భవాని, తోముతున్న గిన్నె మీంచి చూపు తిప్పకుండా.

"మనం వేరు, ఆవిడ వేరు. టెక్కలి నుంచి వత్తన్న మనిషి. సోంపేట ఎల్లి మంచినీళ్ల టిన్ను తెచ్చేత్తాను," అన్నాడు లోకనాథ్. ఇస్త్రీ చొక్కా అప్పుడే తొడిగేశాడు. యామిని మేడమ్ రావడానికి ఇంకా రెండు గంటలుంది.

"నిన్న సాయంత్రం నుంచి ఆ టిన్ను తెత్తానే ఉన్నావు."

"మరి నువ్వు ఎల్లనిత్తే గదా."

"నాను కాలు పట్టుకుని ఆపినానేటి? ఒక్కటే అడుగుతన్నాను మావ. నీళ్ల వల్లో కాదో తెలీదని నువ్వే రాసినావు గదా. తెలీనోడివి తెలీనట్టే ఉండాల. టిన్ను కొన్నావంటే తెలిసిపోయినట్టే."

లోకనాథ్ చెప్పుల కోసం వెతుక్కున్నాడు. వసారాలో చాప మీద కూర్చున్న పైడమ్మ కోడలి మాటకి లోలోపల నవ్వుకుని, కొడుకు చూస్తాడేమోనని మొహం అటు తిప్పుకుంది.

ఆరేళ్లుగా ఫేస్‌బుక్‌లో 'ఉద్దానం చర్చావేదిక' అనే గుంపులో లోకనాథ్ మాటంటే మాటే. ఉద్దానంలో ఇన్ని కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయన్న చర్చ ఎప్పుడు లేచినా, ఏ పార్టీ వాళ్లు లేవదీసినా, అతనిది ఒకటే జవాబు. నీళ్లు. నీళ్లు తప్ప ఇంకేమీ కాదు. ఇంకోటేమైనా ఉందేమో అన్నవాడు అవతలి పార్టీకి అమ్ముడుపోయినవాడు.

అలాంటి మనిషి పది రోజుల కిందట వేరే సంగతి రాశాడు. అది భవానికి కంఠతా వచ్చేసింది.

'ఇన్నాళ్లూ నీళ్లే కారణమని గట్టిగా వాదించాను. నొప్పి మాత్రల సంగతి యామిని గారు చెప్పాక ఆలోచనలో పడ్డాను. నేను పొరపడి ఉండవచ్చు. నిజం ఏమిటో నాకు తెలియదు. కళ్లు తెరిపించిన యామిని గారికి కృతజ్ఞతలు.'

ఎనిమిది వందల మంది మెచ్చుకున్నారు. ఇలాంటి మనుషులు ఊరికి ఒక్కరుంటే చాలన్నారు. కూతురు స్వాతి అదంతా సంబరంగా పైకి చదువుతుంటే, భవాని చేటలో జీడిపప్పు ఏరుతోంది. గుండు పప్పు తీసుకెళ్లి బద్దల కుప్పలో వేసింది. అలాంటి పొరపాటు ఆమె చేతికి ఎప్పుడూ రాదు.

రెండేళ్ల కిందట ఇదే వసారాలో ఆమె చెప్పింది. "అత్తకి ఆ నొప్పి బిళ్లలు మానిపించు మావ. బిళ్ల ఏసిన వారంలోనే కాళ్లు ఉబ్బుతన్నాయి." దానికి లోకనాథ్, "పది తప్పినదానివి, డాక్టరువేటి నువ్వు?" అని నవ్వి ఫోన్లోకి వెళ్లిపోయాడు. మొన్న కార్తీకంలో పలాస డాక్టరు పైడమ్మ రక్తం చూసి, కిడ్నీలు పాడవుతున్నాయి, క్రియాటినిన్ రెండు దాటింది, నొప్పి బిళ్ల అన్నది ముట్టొద్దన్నాడు. ఆవేళైనా నువ్వన్నదే నిజమని అంటాడేమోనని భవాని దారి పొడుగునా ఆటోలో ఎదురు చూసింది. ఇంటి ముందు దిగి, "డాక్టర్లు అందరికీ అదే సెప్తారు," అన్నాడు.

ఇరవై ఒక్క ఏళ్ల కాపురంలో 'పొరపడ్డాను' అన్న మాట ఆ నోట వినలేదు. ఆమె చెల్లెలి పెళ్లికి ఇచ్ఛాపురం వెళుతూ దారి తప్పించి ముహూర్తం దాటించిన రోజు కూడా, రోడ్డు మార్చేశారన్నాడు గానీ తప్పానని అనలేదు.

ఇంకో ఆడదానికి చీర కొనిచ్చి ఉంటే నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు. తనకి రావలసిన మాట ఇంకో మనిషికి ఇచ్చేశాడని ఎవరికి చెప్పుకుంటుంది? ఎవరైనా విన్నా నవ్విపోతారు.

"అమ్మా, రేపు ఎనిమిదింటికి బడి దగ్గర రక్త పరీక్షలు," అంటూ స్వాతి వీధిలోంచి వచ్చింది. పలాసలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. చేతిలో చీటీలున్నాయి. "మామ్మది, నాన్నది, నాది, నీది. ఈసారైనా రా."

"నాకెందుకే. నాను బిళ్లలు మింగుతానేటి?"

"రెండేళ్ల నుంచీ ఇదే మాట."

"రెండేళ్ల నుంచీ మింగట్లేదు గనక." తన చీటీ తీసుకుని బియ్యం డబ్బా కింద పెట్టేసింది. తరవాత గట్టు మీద కూర్చుని, ఎడమ కాలి మెట్టెకి సబ్బు రాసి తిప్పడం మొదలుపెట్టింది. వారం నుంచి వేలికి పట్టేసి ఉంది. ఎండలకి అనుకుంది.

* * *

యామిని స్కూటీ మీద వచ్చింది. పది రోజులుగా భవాని మనసులో ఆమెకి ఒక రూపం కట్టుకుని ఉంది. సన్నటి మనిషి, నున్నటి జుట్టు, మెత్తటి మాట. వచ్చిన మనిషికి నలభై అయిదుంటాయి. పాపిడి దగ్గర తెల్లవెంట్రుకలు, తెగిన చెప్పుకి పిన్నీసు. టెక్కలి కాలేజీలో లెక్కలు చెబుతుందిట.

అందగత్తె అయితే బాగుండేది. అప్పుడు ఆ తప్పు ఆయన కళ్లది అనుకోవచ్చు. ఇప్పుడు అది కూడా లేకుండా పోయింది.

"నీళ్లు తాగండి," అంటూ లోకనాథ్ సోంపేట టిన్ను వైపు పరుగెత్తబోయాడు.

"ఉద్దానం వచ్చి నీళ్లెందుకండి? బొండాం ఉంటే కొట్టివ్వండి," అంది యామిని.

రెండు పూటల పోట్లాట అక్కడితో అయిపోయింది. భవాని మొగుడి మొహం చూసింది. అతను చూడనట్టు కత్తి కోసం వెళ్లాడు. పైడమ్మ మాత్రం ఆ బొండాం వంకే చూస్తూ కూర్చుంది. డాక్టరు ఆమెకి ఆ నీళ్లు కూడా వద్దన్నాడు.

గుంపులో పెట్టడానికి ఇద్దరూ మాట్లాడుకునే వీడియో తీయాలని వాళ్ల ఏర్పాటు. స్వాతి ఫోనుని కొబ్బరికాయల పోగుకి ఆనించింది. ఫోను ముందు కూర్చునేసరికి లోకనాథ్ భాషే మారిపోయింది.

"తెలియదు అని చెప్పడానికి ధైర్యం కావాలండి. మన పొరపాటు మనమే ఒప్పుకున్ననాడే చర్చ ముందుకు సాగుతుంది. ఇంట్లో మా వాళ్లకి కూడా నేను అదే చెబుతూ ఉంటాను."

గుమ్మంలో పనస తొనల పళ్లెంతో నిలబడ్డ భవానికి నవ్వొచ్చింది. అది నవ్వులా బయటికి రాలేదు.

"అమ్మా, నీ గొంతు వీడియోలో పడింది. మళ్లీ తియ్యాలి," అంది స్వాతి.

"తియ్యండమ్మా. మంచి మాట, రెండుసార్లు వింటే పుణ్యమే."

"భవానీ," అన్నాడు లోకనాథ్ మెల్లగా. యామిని ఇద్దరినీ ఒకసారి చూసి పళ్లెంలోంచి తొన తీసుకుంది.

ఆ పనస జిగురు కడుక్కోవడానికే ఆమె వంటింట్లోకి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ గోడ దగ్గర ఆగిపోయింది. జీడిపప్పు షావుకారు ఇచ్చిన కేలెండరు. తేదీల పక్కన పెన్నుతో చుక్కలు, సున్నాలు.

"ఇవేమిటండి?"

"కొబ్బరి దింపు రోజులండి. మా ఆవిడ గుర్తులు," అన్నాడు లోకనాథ్ వసారాలోంచే.

"దింపు కాదు," అంది భవాని. "అత్త బిళ్ల ఏసుకున్న రోజు సుక్క. కాళ్లు వాచిన రోజు సున్నా."

వసారాలో కుర్చీ కదిలిన చప్పుడైంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు దాటింది. నిరుటిది, ముందటేడుది బీరువాలో ఉన్నాయి."

యామిని పాతవి తెప్పించుకుని నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని చూసింది. "నేను గుంపులో అన్నది ఇరవైమందిని నోటితో అడిగి అన్నానండి. ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. రోజు తప్పకుండా ఇలా పెట్టుకున్నవాళ్లని ఎక్కడా చూళ్లేదు."

భవానికి ఒళ్లు తేలిపోయినట్టనిపించింది. ఆ తేలిక పూర్తిగా అనుభవించకముందే లోకనాథ్ గుమ్మంలోకి వచ్చాడు.

"మేం మొదట్నుంచీ గమనిస్తూనే ఉన్నామండి."

"ఎవరు?" అంది భవాని.

కుళాయి కింద బొట్లు బొట్లుగా నీళ్లు పడుతున్నాయి.

యామిని తల ఎత్తలేదు. "ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి భవాని గారూ. కార్తీకం తరవాత చుక్కలు లేవు."

"లేవు. నానే మానిపించినాను. ఒక్క బిళ్ల ముట్టనియ్యలేదు."

"సున్నాలు మాత్రం ఉన్నాయి. మార్చిలో మూడు, ఏప్రిల్లో అయిదు."

భవాని ఆ సున్నాలు పెట్టిన మనిషే. చూడలేదని కాదు. "పాత విషం దిగాల గదా మేడమ్," అంది.

"కావచ్చు. బిళ్లలది తప్పు కాకపోవచ్చు కూడా. లేదంటే వాపొచ్చి నొప్పెడితేనే అప్పట్లో బిళ్లలు వేసుకుని ఉండొచ్చు. నాకూ తెలీదండి."

నాకూ తెలీదండి. ఎంత సులువుగా అనేసింది. ఆ మాటకే కదా ఈయన పడిపోయింది, అనుకుంది భవాని. ఈమె ఒప్పుకున్నా గెలుపే, అడిగినా గెలుపే.

ఇక లోకనాథ్ అందుకుంటాడని, 'సూసినావా' అంటాడని పళ్లు బిగించి నిలబడింది. అతను మాత్రం కింద పరిచిన కాగితాల వైపు చూడకుండా కాలి బొటనవేలితో గచ్చు గీస్తున్నాడు. గెలిచిన మొగుడు అలా ఉండడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆమెకి తెలిసిన లోకనాథ్ అది కాదు.

యామిని కేలెండర్లకి ఫోటోలు తీసుకుంది. "మీ పేరుతోనే పెడతాను. సాయంత్రం ఒకసారి అన్నీ సరిచూసుకుని," అని స్కూటీ ఎక్కింది.

* * *

స్కూటీ చప్పుడు జీడితోట మలుపు దాటాక పైడమ్మ నోరు విప్పింది.

"ఒలమ్మీ భవానీ. ఆ సుక్కల కోసమేటి ఆయమ్మ అంతసేపు కూకుంది?"

"అవునత్తా."

"అయి తప్పుడు సుక్కలే అమ్మా." ముసలామె రొండి దగ్గర తడుముకుని, చీర మడతలోంచి బిళ్లల అట్ట తీసి చాప మీద పెట్టింది. పదింటిలో నాలుగు మిగిలున్నాయి. "మాఘమాసం నించీ మింగుతన్నాను. మోకాళ్లు రంపం పెట్టి కోసినట్టుంటే ఏటి సెయ్యను?"

"ఎవరు తెచ్చిత్తన్నారు?"

పైడమ్మ కొడుకు వంక చూడలేదు. చూడకపోవడమే చెప్పేసింది.

భవాని ఆ అట్ట చేతిలోకి తీసుకుంది. ఆమె గొంతు పెరగలేదు. "పది రోజుల కిందట నొప్పి బిళ్లల మీద ఊరందరికీ రాసినావు. ఆ రాత రాసిన చేత్తోనే ఇయి తెచ్చినావా మావ?"

"అమ్మ ఏడిత్తంది. కాళ్లు పట్టుకుని ఏడిత్తే ఏటి సెయ్యమంటావు?"

"నాకు సెప్పుంటే?"

"నీకా?" లోకనాథ్ నవ్వబోయి మానేశాడు. "నీకు సెప్తే ఆ కేలెండరు ముందు నిలబెట్టి అడుగుతావు. ఒకరోజుతో పోద్దా అది? ఇచ్ఛాపురం రోడ్డు సంగతి ఇప్పటికీ వడ్డిత్తన్నావు. అక్కడ తప్పన్నాను, సప్పట్లు కొట్టినారు. ఇక్కడ తప్పంటే సచ్చేదాకా దానికి వడ్డీ కట్టుకోవాల."

"అందుకని ఆవిడకి సెప్పినావు."

"ఆవిడ ఆ మాట మళ్లీ ఎత్తదు భవానీ."

స్వాతి ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. "నాన్న సంగతి తరవాత. అమ్మా, మామ్మ బిళ్లలు మింగుతూనే ఉంది, వాపు వస్తూనే ఉంది. అంటే నువ్వే కరెక్టు కదా? ఆ సున్నాలకి అర్థం దొరికింది కదా?"

ఆ మాట తియ్యగా వచ్చి నాలుక మీద కూర్చుంది. ఒక్కసారి ఊ అంటే చాలు. మేడమ్‌కి ఫోన్ చేసి, 'సూసినారా, నా మాటే నిజం' అనొచ్చు. ఎనిమిది వందల మందీ చూస్తారు. లోకనాథ్ కూడా చూస్తాడు.

"ఏయే రోజులు ఏసుకున్నావత్తా?" అని అడిగింది.

"నొప్పెట్టినప్పుడల్లా."

"వాపు రాకముందా, వచ్చాకా?"

"నాకేటి గుర్తమ్మా. ఒకపాలి ముందు, ఒకపాలి తరవాత. నువ్వు కేలెండరు ఏసుకుంటావు గానీ నాను ఏసుకుంటానేటి?"

భవాని అట్టని గూట్లో పెట్టింది. చేతులు కడుక్కుంది. కూతురి ఫోను అడిగి తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఎండబోసిన జీడిపిక్కల దగ్గర నిలబడి మాట్లాడింది.

"మేడమ్, నానండి, భవానిని. ఆ ఫోటోలు గుంపులో పెట్టకండి. మాఘం నించీ పెట్టిన గుర్తులు తప్పు. అత్త బిళ్లలు ఏసుకుంటానే ఉంది, నాకు తెలీలేదు. ఎప్పుడేసుకుందో ఎవరికీ తెలీదు. అంతకుముందువి కూడా నాను సూసినవే సుక్కలు, సూడనివి ఎన్నున్నాయో. బిళ్లలదే తప్పని ఇన్నాళ్లూ ఒట్టేసి సెప్పినాను. నాకు నిజంగా తెలీదండి."

అవతల యామిని ఏదో అంది. మీలా చెప్పేవాళ్లు తక్కువండి, అన్నట్టుంది. భవానికి ఆ మాట తాకలేదు. ఎందుకంటే వెనక్కి తిరిగేసరికి గోడ పక్కన లోకనాథ్ నిలబడి ఉన్నాడు.

"ఆవిడకి ఎంత తేలిగ్గా సెప్పేసినావు," అన్నాడు.

ఆ గొంతు ఆమెకి తెలుసు. పది రోజులుగా తన గొంతులో దాచుకు తిరుగుతున్నది అదే. అతని మొహంలో చూస్తే ఎంత చిన్నగా, ఎంత మొండిగా ఉందో.

"రెండేళ్లు నా మీద గెలవాలని పెట్టినావు ఆ సుక్కలు," అన్నాడు మళ్లీ. "తప్పని తెలిసినప్పుడు ముందు నాకు సెప్పాల గదా."

చెప్పాలి. ఆ మాట ఆమె పెదవుల దాకా వచ్చింది. ఫోనులో అంత జారుగా దిగిన మాట ఇక్కడ, ఈ మనిషి ముందు, అడుగు వేయనని మొరాయించింది. ఇతనికిస్తే ఇంక తన దగ్గర ఏం మిగులుతుంది?

"ముందు నువ్వు సెప్పు," అంది.

లోకనాథ్ జీడిపిక్కల వైపు చూశాడు. ఆమె కూడా అటే చూసింది. ఎవరూ ముందు చెప్పలేదు. మబ్బు పట్టిందని స్వాతి కేకేస్తే గోనెలు తెచ్చి పిక్కలన్నీ ఎత్తారు.

గోనె మూతి కడుతూ వంగినప్పుడు మెట్టె మళ్లీ నొక్కింది. భవాని అక్కడే కూర్చుని పాదం చూసుకుంది. వేలితో చీలమండ పైన అదిమింది. వేలు తీశాక అక్కడ సొట్ట అలాగే ఉంది. అత్త కాలి మీద నూరుసార్లు చూసిన సొట్ట. దాన్ని చూసినరోజే కదా కేలెండరు మీద సున్నా పెట్టేది.

బిళ్లలు మింగనిదానికి ఏమీ రాదని ఆమెకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆ చుక్కలు చెప్పాయి. ఇప్పుడు ఆ చుక్కలే లేవు.

* * *

దీపాలు పెట్టే వేళకే అన్నాలకి కూర్చున్నారు. పైడమ్మకి ఉప్పు లేని చారు, మిగిలినవాళ్లకి ములక్కాడ పులుసు. ఎవరి కంచంలోకి వాళ్లు చూసుకుంటున్నారు. టిన్ను నీళ్లు మూత కూడా తీయకుండా మూల అలాగే ఉన్నాయి.

భవాని అందరికీ వడ్డించాక లేచి వెళ్లి, బియ్యం డబ్బా కొంచెం ఎత్తి, కింద ఉన్న చీటీ తీసుకొచ్చింది. మజ్జిగ గిన్నె పక్కన పెట్టింది.

"రేపు బడి కాడికి అత్తతో నానూ వత్తాను," అంది, మజ్జిగ పోస్తున్నంత మామూలుగా. "నా రక్తం కూడా ఇత్తాను."

స్వాతి చెయ్యి నోటి దగ్గర ఆగింది.

"నీకెందుకమ్మా?" అంది పైడమ్మ. "నువ్వు బిళ్లలు మింగవు గదా."

"మింగనత్తా. అయినా తెలీదు గదా."

లోకనాథ్ ఆమె మొహం వైపు చూడలేదు. పీట పక్కన ముడుచుకున్న ఆమె కాలి వైపు చూశాడు. ఎడమ కాలి వేలికి మెట్టె లేదు. అది ఉండే చోట ఎర్రటి గీత ఒకటి లోపలికి దిగి ఉంది.

"ఎన్నాళ్ల నించి?" అన్నాడు.

భవాని చీటీని కూతురి వైపు జరిపింది. "నా పేరు పక్కన వయసు రాయలేదు. రాసీవే," అంది.